మెడకు బరువు కట్టే ముందు

మెడనొప్పి గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. వరకట్న హత్యలు, పనిచేసే చోట లైంగిక వేధింపులు, ఆస్తిహక్కు, ఇన్ని సమస్యలుండగా మెడ పట్టేయడం కూడా ఒక సమస్యేనా అని. పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, రైల్వే కోడూరు వైపుల నుంచి మొదటి బస్సుకు తిరుపతి చేరి, అలిపిరి దారిలోని రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రుల్లో ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడే ఆడవాళ్లను ఒక్కరోజు గమనిస్తే ఆ సందేహం నిలవదు. ఒక చెయ్యి మెడ మీద ఉంటుంది, ఇంకో చేతిలో పాత ఎక్స్‌రే కవరు ఉంటుంది. చాలామంది అప్పటికే తమ ఊరి దగ్గర ఎక్కడో సూదులు వేయించుకుని, 'కరెంటు' పెట్టించుకుని, మెడ 'లాగించుకుని' వచ్చినవాళ్లే.

ఈ మెడ లాగడం గురించే నేను రాయదలుచుకున్నాను. డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అంటారు. గడ్డం కింద, తల వెనక పట్టీ బిగించి, కప్పీ మీదుగా తాడుకు బరువు వేలాడదీసో, మోటారు యంత్రంతోనో మెడను లాగుతారు. మామూలుగా మూడు నాలుగు కిలోలతో మొదలుపెట్టి మనిషి బరువును బట్టి పెంచుతారు. ఒక్కో విడత పదిహేను ఇరవై నిమిషాలు. మెడపూసల మధ్య సందు కొంచెం తెరుచుకుంటే నొక్కుకున్న నరానికి ఊరట కలుగుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. నా వాదన ఇది: మెడనొప్పితో పాటు నడకలో తూలు కూడా ఉందని ఒక స్త్రీ చెప్పినప్పుడు, ఆ తూలు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా ఆమె మెడకు బరువు కట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎందుకో అర్థం కావాలంటే మెడలో ఏమి నొక్కుకుంటుందో తెలియాలి. 'నరం పట్టేసింది' అని మనం ఒక్క మాటలో అనేసేది నిజానికి రెండు వేరు వేరు జబ్బులు. మెడపూసల మధ్య నుంచి చేతుల్లోకి నరాలు బయటకు వస్తాయి. డిస్క్ జారినా, పూస అరిగి ముల్లులా పెరిగినా ఆ నరం మొదలు నొక్కుకుంటుంది. అప్పుడు భుజం నుంచి వేళ్ల దాకా నొప్పి లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది, చేతిలో పట్టు తగ్గుతుంది. ఇది చాలా బాధ పెడుతుంది కానీ ఎక్కువ మందిలో కొన్ని వారాలకో నెలలకో తగ్గుతుంది. డాక్టర్ కె. రాధాకృష్ణన్ తదితరులు అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో 1976 నుంచి 1990 దాకా ఇలాంటి రోగులందరినీ లెక్కగట్టి 1994లో ప్రచురించారు. కొందరికి ఆపరేషన్ అవసరమైంది కానీ, చివరిసారి చూసేనాటికి పదిమందిలో తొమ్మిదిమందికి బాధ లేదు, ఉన్నా స్వల్పమే.

రెండోది అలాంటిది కాదు. పూసల లోపలి గొట్టంలో వెన్నుపాము ఉంటుంది. మెదడు నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి మెదడుకు వెళ్లే సమాచారమంతా దానిలో నుంచే సాగుతుంది. అరుగుదల వల్ల ఆ గొట్టమే ఇరుకై వెన్నుపాము నలిగితే దెబ్బ కాళ్ల మీద పడుతుంది. దూది మీద నడుస్తున్నట్టుంటుంది, కాళ్లు బిగుసుకుంటాయి, మెట్లు దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో తెలియదు. మెడలో నొప్పి ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. నరం మొదలు నొక్కుకుంటే చెయ్యి లాగుతుందే గానీ కాలు తూలదు. కాలు తూలుతోందంటే వెన్నుపాము సంగతి చూడాల్సిందే. వెన్నుపాము నలుగుతున్న మెడకు ట్రాక్షన్ వేయకూడదని ఫిజియోథెరపీ పాఠ్యపుస్తకాలే చెబుతాయి. ఆలస్యమయ్యే కొద్దీ పోయిన శక్తి తిరిగి రావడం కష్టం. ఆపరేషన్ ప్రధానంగా చేసేది జబ్బును ఉన్నచోట ఆపడమే. అయినా ఈ జబ్బును గుర్తించడానికి సగటున రెండేళ్లకు పైగా పడుతోందని ఇజ్రాయెల్ నుంచి 2013లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. యంత్రాలూ నిపుణులూ ఉన్నచోటే అంత ఆలస్యమైతే, ఒక పూట కూలి పోగొట్టుకుంటే తప్ప డాక్టరు ముఖం చూడలేని మనిషికి ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు.

మన ఆడవాళ్ల విషయంలో ఈ ఆలస్యానికి ఇంకో కారణముంది. వాళ్లు చెప్పే మాటను ఎవరూ పూర్తిగా వినరు. "కళ్లు తిరుగుతున్నాయి సార్" అన్న ఒక్క మాట వెనక నాలుగైదు రకాల బాధలుంటాయి. మంచంలో పక్కకు తిరిగితే ఇల్లంతా కొన్ని క్షణాలు గిర్రున తిరగడం ఒకటి. అది లోపలి చెవిలోని సన్నటి పలుకులు చోటు తప్పడం వల్ల వచ్చేది. డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి పడుకోబెడితే చాలాసార్లు అక్కడికక్కడే సర్దుకుంటుంది. కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు కమ్మడం ఇంకొకటి. దానికి రక్తహీనతో బీపీ తగ్గడమో కారణం కావచ్చు. తల బాగానే ఉండి కాలు మాత్రం నిలవకపోవడం వేరే సంగతి. మెడ కండరాలూ కీళ్లూ పట్టేసినప్పుడు కూడా తేలిగ్గా తూలినట్టనిపించడం ఉంది. కానీ మిగతావి ఏవీ కాదని తేలాకే ఆ మాట అనాలి.

ఈ తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అడగాలి. ఆ ఐదు నిమిషాలే దొరకవు. "రక్తం తక్కువమ్మా, నరాల వీక్‌నెస్" అని బీ కాంప్లెక్స్ సూది వేసి పంపేస్తారు. నలభై దాటితే "ఈ వయసులో మామూలే" అంటారు. రక్తం తక్కువన్న మాట చాలాసార్లు అబద్ధం కూడా కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం మందికి పైగా సరిపోయే జవాబు కాబట్టే దాని చాటున మిగతా జబ్బులన్నీ దాక్కుంటాయి. ఆకలి పెట్టిన జబ్బును చూపించి, చాకిరీ పెట్టిన జబ్బును చూడకుండా వదిలేయడమన్నమాట.

వైద్యపుస్తకాలు కూడా మగవాడి ఒంటినే ముందు పెట్టుకుని రాసినవే. వెన్నుపాము నలిగినప్పుడు చేతివేళ్ల నేర్పు పోతుంది కాబట్టి "చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?" అని అడగమంటాయి. చొక్కా వేసుకోని మనిషిని ఆ ప్రశ్న అడిగితే ఏం తెలుస్తుంది? రవిక హుక్కులు పడుతున్నాయా, పిన్నీసు పెట్టుకోగలుగుతున్నావా, ముగ్గు గీత వంకర పోతోందా అని అడగాలి. గుళ్లకూ పెళ్లిళ్లకూ పూలు కట్టి బతికే ఆడవాళ్లు తిరుపతిలో వీధి వీధికీ ఉన్నారు. మూర పూలు కట్టడానికి ముందుకంటే రెట్టింపు సేపు పడుతోందని, దారం వేళ్లలో నిలవడం లేదని అలాంటామె చెబితే, దాన్ని మించిన లక్షణం ఏ పుస్తకం చెబుతుంది? అలాగే ముఖానికి నీళ్లు కొట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలడం. కాళ్ల నుంచి సమాచారం సరిగా అందనప్పుడు మనిషి కళ్లతో సర్దుకుంటుంది. కళ్లు మూసినా చీకటి పడినా ఆ ఆసరా పోతుంది. మరుగుదొడ్డి లేక చీకటితో బయటికి వెళ్లే ఆడవాళ్లకు ఇది ముందుగా తెలుస్తుంది. గట్టు మీద పడ్డామని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. బీ12 విటమిన్ లోపించినా అచ్చం ఇలాగే చీకట్లో తూలు వస్తుంది, పాదాలు మొద్దుబారతాయి. పాలూ గుడ్డూ మాంసమూ అందనివాళ్లలో ఆ లోపం ఎక్కువ. దానికి రక్తపరీక్షా సూదిమందూ చాలు. మెడ లాగితే మాత్రం ఒరిగేదేమీ లేదు.

తూలేవాళ్లను మెడ పట్టి వేలాడదీయడం కొత్త సంగతేమీ కాదు. 1883లో ఒడెస్సాలో మొచుట్కోవ్‌స్కీ అనే వైద్యుడు, సిఫిలిస్ ముదిరి వెన్నుపాము దెబ్బతిన్న రోగులను తలకూ చంకలకూ పట్టీలు వేసి పైకి వేలాడదీస్తే నడక మెరుగవుతోందని ప్రకటించాడు. కొన్నేళ్లకు పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో దాన్ని అందుకోగానే యూరప్ అంతా వ్యాపించింది. నడక కుదిరిందన్న వార్తలు మొదట్లో చాలా వచ్చాయి, తర్వాత తగ్గాయి, చివరకు ఆ చికిత్సే మూలనపడింది. హిస్టీరియా రోగులన్న పేరుతో ఆడవాళ్లను జనం ముందు ప్రదర్శించిన షార్కో ఈయనే. తాడూ పట్టీలూ చూడగానే పెద్ద వైద్యం జరుగుతోందని నమ్మడం మన పల్లెల్లోనే ఉన్న బలహీనతేమీ కాదన్నమాట.

ట్రాక్షన్ దండగ అని నేను అనడం లేదు. చెయ్యి లాగే నొప్పితో నిద్ర లేక అల్లాడినవాళ్లు, వేయించుకున్న రోజు కాస్త కన్ను మూతపడిందని చెబుతారు, ఆ మాట నమ్మదగ్గదే. వ్యాయామంతో పాటు ట్రాక్షన్ ఇస్తే నరం నొక్కుకున్నవాళ్లకు మేలు కనిపించిందన్న పరిశోధనలూ ఉన్నాయి. కానీ బ్రిటన్‌లో 1966లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో అసలు ట్రాక్షన్, ఉత్తుత్తి ట్రాక్షన్, మెడ పట్టీ, ఉత్తుత్తి మాత్రలు, ఏది ఇచ్చినా ముప్పాతిక మందికి దాదాపు ఒకేలా నయమైంది. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష, ట్రాక్షన్ పనిచేస్తుందనడానికి గానీ పనిచేయదనడానికి గానీ చాలినంత ఆధారం లేదని తేల్చింది. ఇంత అనుమానంగా ఉన్న వైద్యం కోసం వెన్నుపామును ప్రమాదంలో పెట్టడమేమిటన్నదే ప్రశ్న.

పైగా ట్రాక్షన్ వేయకూడని జబ్బుల పట్టీ చదివితే అది ఆడవాళ్లను చూసి రాసినట్టుంటుంది. ఎముకలు గుల్లబారినవాళ్లకు వేయకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న తదితరులు పేదింటి స్త్రీల ఎముకలను కొలిచి, ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్యే వాళ్ల ఎముకలు ఎంత పలచబడ్డాయో 2005లో చూపించారు. అంతకు చాలా ముందే, 1990లో, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆడవాళ్ల నడుమునొప్పి మీద వాళ్లు రాసిన వ్యాసం ఈ చర్చకు దారి వేసింది. నడుము గురించి అప్పుడు మొదలైన మాట మెడ దాకా ఇంకా రాలేదు. కీళ్లవాతం ఉన్నవాళ్లకూ వేయకూడదు. ఆ జబ్బులో మెడ పైపూసలు వదులవుతాయి, అది మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. పూసల్లో క్షయ ఉన్నప్పుడూ కూడదు. ఇక ఫ్లోరైడ్. 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం జిల్లా ప్రాంతాల్లో, బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వెన్ను కర్రలా బిగుసుకుపోయిన మనుషుల గురించి రాసింది. అలా గట్టిపడిన వెన్నులో వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవడం తెలుగు నేల మీద వైద్యులు ఏనాటి నుంచో చూస్తున్నదే. బోరునీళ్లు తాగే పల్లెల నుంచి వచ్చినామెను ఏ నీళ్లు తాగుతున్నావని అడగకుండా మెడ లాగకూడదు.

ఇక సమ్మతి విషయం. సమీరా కోహ్లీ కేసు మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. 1995లో ఢిల్లీలో పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి, బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తెలివిలో ఉన్నప్పుడు ఆమెనే అడగాల్సిందని, తల్లి సమ్మతి చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చికిత్స ఏమిటి, ఎందుకు, లాభనష్టాలేమిటి, వేరే దారులేమున్నాయి, ఇవన్నీ రోగికి తెలిపాకే అది సమ్మతి అవుతుందని కూడా చెప్పింది. మెడ పట్టీకి మత్తు ఇవ్వరు, కోత ఉండదు, కాబట్టి అడగడమెందుకు అనుకుంటారు. అడిగినా భర్తనో కొడుకునో అడుగుతారు. "పది సిట్టింగులు అవుతుంది, ఇంత అవుతుంది" అని ఆయనతో మాట్లాడి, ఈమెను పడుకోబెడతారు. గడ్డానికి పట్టీ బిగిస్తే నోరు తెరిచి మాట్లాడలేదు. ఆ ఇరవై నిమిషాలు పక్కన ఎవరైనా ఉండాలి, ఆపమనడానికి చేతిలో ఒక గంటో స్విచ్చో ఉండాలి. మగవాళ్లు పరీక్ష చేసేటప్పుడు తోడుగా ఇంకో స్త్రీ ఉండే హక్కు 2018 నాటి జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. ఆ పత్రాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు రాసింది. పట్టీ వేయడానికి పైట తీయమన్నారని రెండోసారి పోకుండా మానేసినవాళ్లున్నారు. వాళ్లను 'ట్రీట్‌మెంట్ మధ్యలో వదిలేసే రోగులు' అని నిందించడం తేలిక.

మంచి ఫిజియోథెరపిస్టులు ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటారు. సుత్తితో మోకాలు కొట్టి చూసి, పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమని, మడమకు వేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమని, అనుమానం వస్తే యంత్రం దగ్గరికే రానివ్వక డాక్టరు దగ్గరికి తిప్పి పంపేవాళ్లున్నారు. వాళ్ల వృత్తికి చట్టబద్ధమైన నియంత్రణ 2021లో గానీ రాలేదు. యంత్రం కొని, నెల జీతానికి ఒక కుర్రవాణ్ణి పెట్టి నడిపే చోట్ల గురించే నా గొడవ.

అసలు ఈ మెడలు ఎందుకు అరుగుతున్నాయి? వయసుతో ఎవరికైనా కొంత అరుగుతాయి. కానీ తల మీద బరువు మోసేవాళ్ల ఎక్స్‌రేల్లో ఆ అరుగుదల ఎక్కువగా ఉందని ఆఫ్రికా దేశాల్లో చూసినవాళ్లు రాశారు. మన దగ్గర పదేళ్ల పిల్ల నుంచి మోత మొదలు. చుట్టకుదురు మీద పదిహేను లీటర్ల బిందె, కట్టెల మోపు, శెనక్కాయల గంప, మదనపల్లె వైపు టమాటా క్రేటు, తిరుపతి చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్లలో కాంక్రీటు తట్ట. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో చేసిన కేంద్ర నిబంధనల్లో స్త్రీ ఎత్తే బరువు 30 కిలోలు, పురుషుడు ఎత్తేది 55 కిలోలు మించకూడదని రాశారు. తట్టను తూచినవాడెవడు? రోజుకు ఎన్ని తట్టలన్న లెక్కే లేదు. ఆ చట్టాలు 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లలో కలిశాయి. నష్టపరిహారం ఇచ్చే వృత్తి జబ్బుల జాబితాలో సీసం, పాదరసం, బెంజీన్, సిలికా దుమ్ము ఉన్నాయి. 1923 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ తలమోతతో అరిగిన మెడకు చోటు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో ఎముకలు, కండరాల జబ్బులకు ప్రత్యేక భాగమే ఉంది. ఇంటికి మోసే నీళ్ల బిందె సంగతైతే ఏ చట్టానికీ పట్టదు, అది పనే కాదు కదా!

డాక్టరు చీటీ మీద చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: విశ్రాంతి తీసుకోండి, బరువులు ఎత్తకండి. ఎవరు ఎత్తాలో అందులో ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. పది విడతల ట్రాక్షన్‌కు పది రోజులు తిరగాల్సినవాళ్లకు అది నిజంగానే పెద్ద ఊరట. కానీ పది రోజుల కూలి పోవడం పోవడమే. చికిత్స తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకు డబ్బివ్వాలన్న సూత్రాన్ని 2019 డిసెంబరులో 'ఆరోగ్య ఆసరా' పేరుతో ఈ రాష్ట్ర ప్రభుత్వమే ఒప్పుకుంది. రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు వర్తించిన ఆ సూత్రం, ఆపరేషన్ దాకా రాకూడదని మెడ కాపాడుకుంటున్న కూలి స్త్రీకి ఎందుకు వర్తించకూడదు?

స్విమ్స్, బర్డ్ సంస్థలు తిరుమల తిరుపతి దేవస్థానం డబ్బుతో లేచినవి. ఆ డబ్బులో ఈ ఆడవాళ్లు ముడుపు కట్టి వేసిన రూపాయలూ ఉన్నాయి. తూలు ఉందని చెప్పిన ప్రతి స్త్రీకీ ట్రాక్షన్‌కు ముందు కాళ్లూ నడకా పరీక్షించి, ఆ మాట చీటీ మీద తెలుగులో రాయాలని వాళ్లను అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. పల్లెల్లోని ఫిజియోథెరపీ గదులన్నిటికీ ఇదే నియమం పెట్టమని జిల్లా వైద్యాధికారులను అడగాలి. తలమోత మెడ జబ్బును వృత్తి జబ్బుల్లో చేర్చమని కార్మిక శాఖకు రాయడానికి సంఘాలన్నీ కలవాలి.

అప్పటిదాకా మన సంఘాల అక్కలు ఊళ్లలో చెప్పగలిగింది కొంత ఉంది. మెడ లాగించుకునే ముందు, నడకలో తేడా, చీకట్లో తూలు, వేళ్ల పట్టు తగ్గడం, ఒంటేలు ఆపుకోలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా అడగకపోయినా చెప్పాలి. కీళ్లవాతం, క్షయ మందులు వాడి ఉంటే అదీ చెప్పాలి. పట్టీ వేశాక కాళ్లలో జివ్వుమన్నా, తూలు పెరిగినా వెంటనే ఆపమనాలి, అయిపోయాక ఒక్కసారిగా లేవకుండా కాసేపు పక్కకు తిరిగి పడుకోవాలి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నవాళ్లు తమ కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఓపీలో చూపించుకున్నా సరే చీటీ, ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టు ఆమె దగ్గరే ఉండాలి, ఆయన జేబులో కాదు.